రేగాకు నీళ్ళు

మా పాత వీధిలో ఒక పెద్దావిడ పోయారని కబురు వస్తే, ఈమధ్య కర్నూలు వెళ్ళాను. ఇంట్లోకి అడుగు పెట్టకముందే వెనక దొడ్డి నుంచి, పెద్ద డేగిసాలో రేగాకు వేసి కాస్తున్న నీళ్ళ వాసన, దాంతో పాటు ఎవరో విప్పిన పొట్లంలోంచి కర్పూరం వాసన కలిసి వచ్చాయి. తెలుగువాళ్ళలో చాలామందికి కర్పూరం అనగానే హారతి గుర్తుకు వస్తుంది. మా ఇళ్ళలో మాత్రం అది జనాజా, అంటే అంత్యక్రియల వాసన. ప్రవక్త ముహమ్మద్ (స) తమ కుమార్తె చనిపోయినప్పుడు, స్నానం చేయిస్తున్న ఉమ్మె అతియ్యా మొదలైన స్త్రీలతో, రేగాకు కలిపిన నీళ్ళతో మూడుసార్లో ఐదుసార్లో, అవసరమనిపిస్తే ఇంకా ఎక్కువసార్లో కడగమనీ, చివరిసారి నీళ్ళలో కర్పూరం కలపమనీ చెప్పారని, ఆయన మాటలనూ చేతలనూ నమోదు చేసిన హదీసుల్లో ఉంది. ఆ వాసన తగలగానే నాకు మా జేజి, అంటే మా అవ్వ గుర్తుకు వచ్చింది.

మేము దూదేకులవాళ్ళం. ఇంట్లో మాట్లాడేది తెలుగు, నమాజులో చదివేది అరబ్బీ, మధ్యలో ఉర్దూ మాకు సగం అర్థమయ్యేది. తాత ఊరూరా తిరిగి దూది ఏకేవాడు. జేజి మా వీధిలో ఆడవాళ్ళ మయ్యత్తులకు (శవాలకు) గుసుల్, అంటే ఆఖరి స్నానం చేయించేది. ఇద్దరి పనుల్లోనూ ఎదుటివాళ్ళు దాచుకున్నవి కంటబడక తప్పదు. అందువల్ల ఒకరి ఐబులు, అంటే లోపాలు వెతకరాదు, కంటబడినా బయట పెట్టరాదు అనే మాట, మా ఇంట్లో ధర్మోపదేశంగా కంటే ముందు పనిలో పాటించవలసిన కట్టుబాటుగానే నాకు పరిచయమైంది.

* * *

పిలుపు వచ్చిన ఇంటికి జేజి ఒక గుడ్డసంచి తీసుకుని వెళ్ళేది. అందులో కత్తెర, కర్పూరం పొట్లం, చేతికి చుట్టుకోవడానికి పాత గుడ్డ పీలికలు, వీటన్నిటికంటే ముఖ్యంగా ముదురు నీలం రంగు దుప్పటి ఒకటి ఉండేవి. చాలా ఇళ్ళలో మయ్యత్తు మీద కప్పడానికి ఉతికిన తెల్ల దుప్పటి తెచ్చి ఇచ్చేవారు. నీళ్ళు పడగానే తెల్లగుడ్డ ఒంటికి అతుక్కుపోయి లోపలిదంతా తెలిసిపోతుందని, ఆమె దాన్ని మర్యాదగా పక్కన పెట్టి తన నీలం దుప్పటే వాడేది. పలక మీద పడుకోబెట్టిన శరీరాన్ని ఆ దుప్పటి కిందే, గుడ్డ చుట్టుకున్న చేతితో, కుడివైపు నుంచి మొదలుపెట్టి కడిగేది. తర్వాత జుట్టును రెండు పాయలు చేసి ఎద మీద వేసి, నుదురు, ముక్కు, అరచేతులు, మోకాళ్ళు, పాదాలు, అంటే నమాజులో సాగిలపడే సజ్దాలో నేలను తాకే చోట్లన్నిటికీ కర్పూరం రాసి, ఐదు గుడ్డల కఫన్ (శవవస్త్రం) తొడిగేది.

నాకు లోపలికి అనుమతి ఉండేది కాదు. దండెం మీద చీరలు వేలాడదీసి కట్టిన చాటు దాకా నీళ్ళ చెంబులు అందించడమే నా పని. చీరల సందులోంచి తడిసిన చేయి ఒకటి బయటికి వచ్చి చెంబు అందుకుని మళ్ళీ లోపలికి వెళ్ళేది.

పని ముగించి జేజి బయటికి రాగానే ఆడవాళ్ళు చుట్టూ చేరేవారు. చనిపోయినవారి ముఖం తేటగా ఉంటే పుణ్యాత్మురాలనీ, నల్లబడితే లోలోపల ఏదో చేసి ఉంటుందనీ మా వైపు ఒక నమ్మకం ఉండేది. "మొగం ఎట్లుండింది పెద్దమ్మా?" అని అడిగితే, జేజి ఒక్కోసారి "నిద్రపోతా ఉన్నట్టే ఉండింది తల్లీ" అనేది. ఎక్కువసార్లు మాత్రం "నీళ్ళు పోసినాను, గుడ్డలు కట్టినాను" అని చెప్పి చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయేది. మంచి కనిపిస్తే చెప్పవచ్చు, చెడు కనిపిస్తే దాచాలి అన్నది ధర్మశాస్త్రం చెప్పే నియమం. అయితే మంచి కనిపించిన ప్రతిసారీ చెప్పి, కనిపించనప్పుడు ఊరుకుంటే, ఆ ఊరుకోవడంలోనే జనం సంగతి పసిగడతారని జేజికి తెలుసు. అందుకే ముఖం నిజంగా తేటగా ఉన్నప్పుడు కూడా చాలాసార్లు రెండో జవాబే చెప్పేదని, ఆమె దగ్గర ఈ పని నేర్చుకున్న మా పెద్దమ్మ తర్వాతెప్పుడో నాతో అంది. చదువు రాని మనిషి ఇంత దూరం ఆలోచించిందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మయ్యత్తుకు స్నానం చేయించి, తాను చూసినదాన్ని దాచిపెట్టిన మనిషిని అల్లాహ్ నలభైసార్లు క్షమిస్తాడన్న హదీసు జేజికి కంఠతా వచ్చు. చనిపోయినవారి మంచిని చెప్పుకోండి, చెడును వదిలేయండి అన్న హదీసు కూడా ఆమె నోటే మొదట విన్నాను.

* * *

తాత పని చావుకు సంబంధించినది కాదు గాని, మనిషి గుట్టు తెలిసే విషయంలో అది జేజి పనికి ఏమీ తీసిపోదు. మనిషి ఎత్తు కొయ్యవిల్లు భుజాన వేసుకుని, కొయ్యగుండు చేత పట్టుకుని, కోడుమూరు, గూడూరు వైపు పల్లెలకు వెళ్ళేవాడు. ఏ ఇంటి వాకిట్లోనో కూర్చుని, గట్టిపడిపోయిన పాత పరుపు విప్పి, దూదిని నేల మీద పోసి, వింటితాడును గుండుతో మీటుతుంటే, ధుంయ్ ధుంయ్ అని ఆ మోత వీధి చివరిదాకా వినిపించేది. సాయంత్రానికి కనుబొమల మీద, మీసాల మీద, చెవుల్లో దూది పేరుకుని ఇంటికి వచ్చేవాడు.

పరుపు విప్పినవాడికి ఆ ఇంటి సంగతులు తెలియకుండా ఉండవు. అత్తకు తెలియకుండా కోడలు కుట్టి దాచుకున్న నోట్లుంటాయి, తాయెత్తులుంటాయి, మడిచిన ఉత్తరాలుంటాయి, మరకలుంటాయి. దొరికినదాన్ని తాత ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. ఎక్కడ దొరికిందో అక్కడే, ఏకిన దూది మధ్యలో పెట్టి కుట్టేసేవాడు. ఇంటి యజమానికి ఇవ్వవచ్చు కదా అని మా నాన్న ఒకసారి అడిగితే, "దాచినోళ్ళెవరో నాకు తెలీదు, ఇచ్చినానంటే వాళ్ళను పట్టిచ్చినట్టే కదా" అన్నాడట.

శుక్రవారం మసీదు ప్రసంగంలో, అంటే ఖుత్బాలో విన్న ఒక కథ తాతకు చాలా ఇష్టం. ఖలీఫా ఉమర్ (రజి) రాత్రిపూట మదీనా వీధుల్లో గస్తీ తిరుగుతూ, ఒక ఇంట్లో పాట వినిపిస్తే గోడ ఎక్కి లోపలికి దిగారట. అక్కడ మద్యంతో పట్టుబడిన మనిషి భయపడకుండా, నేను ఒక్క తప్పు చేశాను, మీరు మూడు చేశారు అన్నాడట. కూపీలు తీయవద్దని అల్లాహ్ ఆజ్ఞ, మీరు కూపీ తీశారు. ఇళ్ళలోకి తలుపుల గుండా రమ్మని ఆజ్ఞ, మీరు గోడ ఎక్కి వచ్చారు. అనుమతి తీసుకుని సలాం చెప్పి రమ్మని ఆజ్ఞ, మీరు అదీ చేయలేదు. ఉమర్ అంతటివారు ఆ మాట ఒప్పుకుని, అతన్ని వదిలేసి వెళ్ళిపోయారట. తాత ఈ కథను తాగిన మనిషి పక్షాన నిలబడి, చేతులు తిప్పుతూ, వేళ్ళు మడిచి లెక్కపెడుతూ చెప్పేవాడు. తనకు బీడీ అలవాటు ఉండడం కూడా ఆ ఉత్సాహానికి ఒక కారణమని జేజి అనుమానం.

* * *

రాత్రి నమాజు ఇషాకు ముందు మసీదు పక్క గదిలో, మేము హజరత్ అని పిలిచే మతగురువు మాకు ఖురాన్ నేర్పేవారు. నాపరాళ్ళ మీద పరిచిన చాప, ముందు ఖురాన్ పెట్టుకునే కొయ్య రెహల్, నలభై గొంతుల కలగాపులగపు చదువు. చిన్న సూరాలు (అధ్యాయాలు) మొదట కంఠస్థం చేయించేవారు గనుక, అర్థం తెలియని వయసులోనే "వైలుల్లి కుల్లి హుమజతిల్ లుమజహ్" అని ఊగుతూ చదివేవాళ్ళం. ఇతరులను ఎత్తిపొడిచేవాడికీ, వెనకాల తప్పులెన్నేవాడికీ వినాశం అని ఆ వాక్యానికి అర్థమని చాలా రోజుల తర్వాత తెలిసింది. అదే చాప మీద కూర్చుని, పక్క పిల్ల కాకిగొంతును వెక్కిరిస్తూ ఆ సూరానే చదివిన పిల్లలం మేమంతా.

హజరత్ ఉర్దూలో చెబితే, మాలో కాస్త పెద్ద పిల్లవాడు తెలుగులో చెప్పేవాడు. గీబత్ అంటే ఏమిటో తెలుసా అని ప్రవక్త (స) తమ సహచరులను అడిగిన సంఘటన ఒక రోజు చెప్పారు. నీ సోదరుడికి నచ్చని విషయాన్ని అతని వెనకాల చెప్పడమే గీబత్ అని ఆయన అన్నారు. చెప్పింది అతనిలో నిజంగా ఉంటేనో అని వాళ్ళు అడిగారు. ఉంటేనే గీబత్, లేకపోతే అది అభాండం అన్నారు. అప్పటిదాకా మేమంతా, నిజమే కదా చెబుతున్నాం అన్నది గట్టి జవాబు అనుకునేవాళ్ళం. ఆ దారి మూసుకుపోయాక చాలాసేపు ఎవరూ ప్రశ్నలు అడగలేదు.

ఆయన దండించే పద్ధతి కూడా వేరుగా ఉండేది. ప్రవక్త (స) ఎవరిలోనైనా తప్పు చూస్తే పేరు ఎత్తకుండా, కొందరు ఇలా ఎందుకు చేస్తున్నారు అని సభలో అనేవారట. హజరత్ కూడా "కొంతమంది పిల్లలు వుజూ చేయకుండా కూర్చుంటున్నారు" అని గోడవైపు చూస్తూ అనేవారు. ఆ కొంతమందీ నీళ్ళ తొట్టి వైపు పరిగెత్తేవారు.

ఖురాన్ 49వ సూరా అల్ హుజురాత్‌లో 18 వాక్యాలే ఉన్నా, మా హజరత్ దాని 11, 12 వాక్యాలను ఎన్నిసార్లు చదివించారో లెక్కలేదు. ఒక జాతివాళ్ళు మరొక జాతివాళ్ళను ఎగతాళి చేయరాదు, వాళ్ళే వీళ్ళకంటే మంచివాళ్ళు కావచ్చు; స్త్రీలు స్త్రీలను ఎగతాళి చేయరాదు; ఎత్తిపొడుచుకోవద్దు; చెడ్డ పేర్లతో పిలుచుకోవద్దు. తర్వాతి వాక్యంలో అతి అనుమానం వద్దనీ, కూపీలు తీయవద్దనీ, వెనకాల చెడు చెప్పుకోవద్దనీ చెప్పి, చనిపోయిన సోదరుడి మాంసం తినడానికి మీలో ఎవరైనా ఇష్టపడతారా అని ప్రశ్న ఉంటుంది. జేజి చేతి పని తెలిసినదాన్ని కాబట్టి ఆ ప్రశ్న నాకు ఊహగా అనిపించేది కాదు. చనిపోయినవాడు తిరిగి జవాబు చెప్పలేడు, వెనకాల మాటపడినవాడూ అంతే.

మారుపేర్ల విషయంలో మా వీధి మొత్తం దోషే. కుంటాయన, నత్తోడు, మెల్లకన్నామె అంటేనే ఇల్లు చూపించేవారు. గుర్తు చెప్పడానికి, ఎగతాళి ఉద్దేశం లేకుండా అంటే అనవచ్చని పండితులు వెసులుబాటు ఇచ్చారు. హదీసులు చెప్పినవారిలోనే ఒక పెద్దాయన అల్ అఅరజ్, అంటే కుంటివాడు అన్న పేరుతోనే ప్రసిద్ధుడు. ఈ వెసులుబాటు తెలిసిన మా చిన్నాన్న దాన్ని విచ్చలవిడిగా వాడుకున్నాడు గాని, జేజి మాత్రం "అంగడి పక్కింటాయన" అని చుట్టూ తిప్పి చెప్పేది. ఆ చెప్పడంలో ఒక్కోసారి ఎవరి గురించో మాకు తెలిసేది కాదు.

* * *

వానలకు ముందు విత్తనాల కోసం వేరుశనక్కాయలు ఒలిచే పని వచ్చేది. మూటలు తెచ్చి అరుగు మీద పోస్తే, వీధిలోని ఆడవాళ్ళంతా చుట్టూ కూర్చుని ఒలిచేవారు. చేతులకు పనే గాని నోటికి లేదు గనుక, కాయతో పాటు ఊరందరి సంగతులూ ఒలిచేవారు. జేజి ఆ కూటమిని మానేసేది కాదు, ఎవరినీ కోప్పడేది కాదు. మాట ఒకరి మీదికి మళ్ళగానే, "కాయ పుచ్చులు ఎక్కువుండాయే ఈ మూటలో" అని ఇంకో దారి పట్టించేది. అది పనిచేయకపోతే లేచి నీళ్ళకు వెళ్ళేది. రెండుసార్లు లేస్తే అందరికీ అర్థమయ్యేది.

ఒకసారి మాత్రం లేవలేదు. వీధిలోకి కొత్తగా వచ్చిన కోడలు పొట్టిగా ఉందని ఒకామె మూరతో కొలిచినట్టు చేయి పెట్టి చూపింది, అందరూ నవ్వారు. జేజి ఒలుస్తూనే బీబీ ఆయిషా (రజి) కథ చెప్పింది. ప్రవక్త (స) ఇంకొక భార్య సఫియ్యా (రజి) గురించి ఆయిషా, ఆమె పొట్టిది అన్న అర్థం వచ్చేలా ఒక మాట అన్నారట. నువ్వన్న మాటను సముద్రంలో కలిపితే సముద్రం నీళ్ళే చెడిపోతాయి అని ఆయన అన్నారట. "ఆయమ్మ మన విశ్వాసులందరికీ తల్లి. ఆయమ్మకే తప్పలా ఆ మాట పడేది" అంది జేజి. చేయి పెట్టి చూపినామె చేయి దించుకుని, కాసేపటికి తానే వేరే మాట ఎత్తింది.

ఎగతాళి అంటే ఏమిటో మాకు ఇంకొక వైపు నుంచి కూడా తెలుసు. బజారులో ఉర్దూ మాట్లాడే సాయిబులు మా ఉచ్చారణకు నవ్వేవారు. పల్లెల్లో తెలుగువాళ్ళు మమ్మల్ని అటూ ఇటూ కానివాళ్ళంటూ సామెతలు చెప్పి నవ్వేవారు. ఆ సామెతలు నాకు ఇంకా గుర్తున్నాయి గాని ఇక్కడ రాయను. మసీదులో ఒక పెద్దమనిషి తాతను నలుగురిలో ఏదో అంటే, తాత ఏమీ అనకుండా ఇంటికి వచ్చి అన్నం తిన్నాడు. మరుసటి వారమే ఆ పెద్దమనిషి ఇంటి పరుపులు ఏకడానికి పిలుపు వచ్చింది. వెళ్ళి పూర్తి చేసి వచ్చాడు. ఆ ఇంటి పరుపుల్లో ఏం దొరికిందని మేము ఎంత అడిగినా చెప్పలేదు. "దూది" అన్నాడు.

అన్నం దగ్గర కూడా తాతది ఇదే పద్ధతి. ప్రవక్త (స) ఏనాడూ భోజనానికి వంక పెట్టలేదు, ఇష్టమైతే తిన్నారు, లేకపోతే వదిలేశారు అన్న హదీసు ఆయనకు ప్రాణం. ఉప్పు మరిచిన పప్పు కూడా జొన్నరొట్టెతో మౌనంగా తినేవాడు. ఇది జేజికి ఒళ్ళు మండించేది. "బాగలేదని నోరు తెరిచి చెప్తే కదా నాకు తెలిసేది, నేను తినేసరికి ఊరంతా తినేసింటాది" అని ఆమె కేకలు వేసేది. ఒక సున్నత్, అంటే ప్రవక్త ఆచరించిన పద్ధతి పాటించడం వల్ల ఇంట్లో ఇంత రభస జరగడం నేను ఇంకెక్కడా చూడలేదు.

* * *

నాకు పన్నెండు పదమూడేళ్ళు ఉంటాయేమో, పక్క వీధిలో పెళ్ళయి ఎంతో కాలం కాని ఒక అమ్మాయి పోయింది. కడుపునొప్పి అని చెప్పారు. మధ్యాహ్నం జొహర్ నమాజు వేళకు జనాజా అనుకున్నారు. నేను చెంబులతో చీరల చాటు దగ్గర నిలబడి ఉన్నాను. మొదటి చెంబు అందుకున్న చేయి రెండోదానికి రాలేదు. జేజి బయటికి వచ్చి, ఆ అమ్మాయి తల్లిని మాత్రం లోపలికి పిలిచింది. తర్వాత లోపలి నుంచి వచ్చిన కేక గురించి రాయను. తల్లి బయటికి వచ్చి కొడుకును పిలిచింది. పోలీసులు వచ్చారు, జనాజా ఆగింది, శవాన్ని పెద్దాసుపత్రికి తీసుకుపోయారు.

ఆ సాయంత్రం మా ఇంటి అరుగు మీద జరిగిన పంచాయితీ నాకు బాగా గుర్తుంది. మయ్యత్తు ఐబు బయట పెట్టావు, రెండు కుటుంబాల పరువు తీశావు, నలభైసార్ల క్షమాపణ చేతులారా పోగొట్టుకున్నావు అని అత్తవారి తరఫు పెద్దలు జేజిని నిలదీశారు. జేజి ఎక్కువ మాట్లాడలేదు. "వీపు మీది వాతలు ఆ బిడ్డ ఐబు కాదు గదా. పెట్టినోడిది" అంది. హజరత్‌ను పిలిపించారు. ఆయన తమవైపు మాట్లాడతారని వాళ్ళు అనుకున్నారు. ఆయన అన్నిసా సూరా 148వ వాక్యం చదివారు: చెడు మాట బాహాటంగా పలకడం అల్లాహ్‌కు ఇష్టం లేదు, అన్యాయానికి గురైనవారు పలికితే తప్ప. 13వ శతాబ్దపు పండితుడు ఇమామ్ నవవీ ఒకరి తప్పు వెనకాల చెప్పడానికి అనుమతి ఉన్న ఆరు సందర్భాలను లెక్కపెట్టారనీ, వాటిలో మొట్టమొదటిది అన్యాయానికి గురైనవారు న్యాయం కోసం చెప్పుకోవడమేననీ అన్నారు. చనిపోయిన పిల్ల చెప్పుకోలేదు గనుక ఆమె తరఫున ఈమె చెప్పింది, ఇక మీరు ఇళ్ళకు వెళ్ళండి అన్నారు.

కేసు ఏళ్ళ తరబడి నడిచి, చివరికి ఎక్కడో రాజీలో తేలిపోయిందని విన్నాను. కొన్ని ఇళ్ళవాళ్ళు చాలాకాలం జేజిని గుసుల్‌కు పిలవలేదు. ఐబులు కప్పిపెట్టాలన్న బోధనను దెబ్బలు తిన్నవాళ్ళ నోరు మూయించడానికి వాడే పెద్దమనుషులు ఇప్పటికీ ఉన్నారు, అన్ని మతాల్లోనూ ఉన్నారు. వాళ్ళు ఆ బోధనలో సగమే చదివారని నేను అనను. తమకు పనికొచ్చే సగమే చదివారంటాను.

* * *

2009 అక్టోబరు వరదలో మా పాతబస్తీ మునిగిపోయినప్పుడు తాత లేడు. నీళ్ళు తీశాక వచ్చి చూస్తే, అందరి ఇళ్ళలోపలివీ వీధిలో ఉన్నాయి. బురదలో ట్రంకుపెట్టెలు, పెళ్ళిచీరలు, మందుల కవర్లు, తాకట్టు చీటీలు, పగిలిన పరుపుల్లోంచి దూది. ఎవరింట్లో ఏముందో, ఏం లేదో అందరికీ కనిపిస్తోంది. అప్పటికి బాగా ముసలిదైపోయిన జేజి నా భుజం పట్టుకుని నడుస్తూ, "కాలికింద చూసుకుంటా నడువు, అటూ ఇటూ వద్దు" అంది. జారిపడతాననేమో అనుకున్నాను మొదట.

జేజి తర్వాత ఆ పని చేసిన పెద్దమ్మ, తన ఆఖరి రోజుల్లో వీధి ఆడపిల్లలు కొందరికి అది నేర్పింది. ఇప్పుడు గుసుల్‌కు వాళ్ళే వెళుతున్నారు. పరుపులు ఏకించేవాళ్ళు లేరు, వింటిమోత ఎప్పుడో ఆగిపోయింది. పెద్దమ్మ పెట్టిన నియమాల్లో జేజి కాలంలో లేనిది ఒకటుంది. చీరల చాటుకు వెళ్ళేముందు ఫోన్లన్నీ ఆ ఇంటి బియ్యం డబ్బాలో పెట్టి మూత వేయాలి. వీడియోలు తీయను పెద్దమ్మా, టైం చూసుకోవడానికే అని ఒక అమ్మాయి అంటే, "టైం చూసుకునేంత తొందరుంటే ఈ పనికి రావొద్దు" అని పెద్దమ్మ చేయి చాపింది. ఆ పిల్ల మూతి ముడుచుకుంటూనే ఇచ్చేసింది. మరుసటిసారి వచ్చినప్పుడు ఫోను ఇంట్లోనే పెట్టి, చేతికి గడియారం కట్టుకుని వచ్చిందట.